భజనకి ఏ కీబోర్డు కొనాలి? ముందు పాడేవాళ్ల శ్రుతి అడగండి



"భజనలో వాయించడానికి ఏ కీబోర్డు కొనాలి బ్రో?" మన ఛానల్ చూసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. సమాధానం కంటే ముందు నేను చేసిన తప్పు చెప్తాను.

మాది హైదరాబాద్‌కి పడమర ఉన్న కొండకల్. శనివారం భజనలో మా పెద్దనాయన హార్మోనియం వాయిస్తూ పాడేవారు. ఒకరోజు దాని తిత్తి చిరిగిపోయింది. "నేను కొనిస్తా" అని, 600 టోన్లు ఉన్నాయని చూసి ఆన్‌లైన్‌లో కీబోర్డు ఆర్డర్ పెట్టేశాను. నాకు సీ నుంచి వాయించడమే వచ్చు, అంటే ఒకటి శ్రుతి. ఆయనది రెండు. నా కోసం ఆయన గొంతు దించారు. కింది స్వరాలు వినబడనే లేదు. రెండు పాటలయ్యాక చిడతలు కింద పెట్టేశారు.

"పెట్టె నా గొంతుకు రావాలె గానీ, నా గొంతు పెట్టెకాడికి పోవాల్నా బిడ్డా?"

ఆ మాట తర్వాతే నేను కీబోర్డు గురించి సరిగ్గా నేర్చుకున్నాను. కొనే ముందు ఇవి చూడండి.

1. ట్రాన్స్‌పోజ్, ట్యూనింగ్: సీ ఒకటి, సీ షార్ప్ ఒకటిన్నర, డీ రెండు, జీ ఐదు శ్రుతి. ట్రాన్స్‌పోజ్ +2 పెడితే వేళ్లు సీ మీదే ఉంటాయి, శ్రుతి రెండుకి వెళ్తుంది. నా కీబోర్డులోనూ ఇది ఉంది, నాకే తెలియదు! పాటకీ పాటకీ మార్చాలి కాబట్టి బటన్ పైనే ఉందా, మెనూలో దాక్కుందా చూడండి. ట్రాన్స్‌పోజ్ ఒక్కో అడుగు 100 సెంట్లు. పాత హార్మోనియమో వేణువో ఆ మధ్యలో ఎక్కడో ఉంటే ఫైన్ ట్యూనింగ్ కావాలి. తంబూరా పక్కన కీబోర్డు అంతర గాంధారం సుమారు 14 సెంట్లు ఎక్కువ పలుకుతుంది. స్కేల్ ట్యూనింగ్ ఉంటే ఆ ఒక్క స్వరాన్నే దించుకోవచ్చు.

2. పిచ్ బెండ్: ఆకాశవాణి 1940లో హార్మోనియంని నిషేధించింది, 1971లో గానీ సడలించలేదు. మెట్టుకీ మెట్టుకీ మధ్య స్వరం జారదు, గమకం పలకదు అన్నది ముఖ్యమైన అభ్యంతరం. కీబోర్డుకీ అదే లోపం. దాన్ని కొంత తీర్చేది ఎడమ వైపుండే పిచ్ బెండ్ చక్రం. కర్ణాటక కచేరీల్లో కె. సత్యనారాయణన్ గారు కీబోర్డు మీద గమకాలు పలికించేది దానితోనే. చాలా చిన్న మోడళ్లలో ఇది ఉండదు.

3. కీలు: 61 కీలంటే ఐదు స్థాయిలు, భజనకి ధారాళం. టచ్ రెస్పాన్స్ మాత్రం ఉండాలి. మెల్లగా నొక్కితే మెల్లగా పలకాలి.

4. స్పీకర్లు, కరెంటు: సింథసైజర్, పోర్టబుల్ కీబోర్డు ఒకటి కాదు. ఉదాహరణకి రోలండ్ ఎక్స్‌పీఎస్-10 సింథసైజర్‌లో స్పీకర్లు ఉండవు, యాంప్లిఫయర్ కావాలి. స్టేజీ ప్రోగ్రాములకి, సొంతంగా టోన్లు తయారు చేసుకోవడానికి సింథ్ మంచిది. గుడి అరుగు మీద కూర్చునే వాళ్లకి స్పీకర్లున్నదే హాయి. బ్యాటరీతో నడుస్తుందా అనీ అడగండి.

5. టోన్లు: 600 ఉన్నా, 800 ఉన్నా మేం వాడేది నాలుగే: హార్మోనియం, వేణువు, వీణ, స్ట్రింగ్స్. ఆ నాలుగూ వినండి, చాలు. ఇంట్లో సాధనకి యమహా పీఎస్ఆర్-ఐ500 లాంటి వాటిలో తంబూరా, తబలా తోడు కూడా వస్తుంది.

షాపులో డెమో పాట విని మోసపోకండి. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు మీరే వాయించండి. కుదిరితే పాడే మనిషిని వెంట తీసుకెళ్లండి. నేను రెండోసారి పెద్దనాయనతోనే వెళ్లాను. అన్నీ విని, ఒకదాని దగ్గర ఆగి, కళ్లు మూసుకుని పల్లవి అందుకున్నారు. అదే కొన్నాం.

మొన్న శనివారం పాట మొదలెట్టే ముందు నా వైపు తిరిగారు. "ఇయ్యాల గొంతు బరువుగున్నది, ఓ అర తగ్గియ్యి."

ఒక్క బటన్ నొక్కాను. ఒకటిన్నర. ఆయన అందుకున్నారు.