రాత్రిపూట షెడ్లో వీడియో తీస్తే చారలు పడుతుంటే

పోయిన పంటలో నాలుగో జ్వరం లేచిన రెండో రోజు రాత్రి కొన్ని పురుగులు ఒళ్లు మెరుస్తా స్టాండు అంచుల్లో తిరుగుతా ఉండె. వీడియో తీసి సారుకు పంపితే "నల్ల చారలే కనిపిస్తా ఉండాయి, పురుగు రంగు తెలీలేదు" అన్నారు. మళ్లీ తీస్తే పది సెకండ్లకే ఆగిపోయింది. పొద్దున వచ్చి చూసి గ్రాసరీనే అన్నారు. రాత్రే ఏరేయకపోయినందుకు పక్క అరకూ తగిలింది.

ఫోను చెడిపోలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్. దానికి ట్యూబ్‌లైటు, చవక ఎల్‌ఈడీ బల్బు సెకండుకు 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలీదు గానీ కెమెరాకు చిక్కుతుంది. కెమెరా సెట్టింగుల్లో యాంటీ ఫ్లికర్ అనో యాంటీ బ్యాండింగ్ అనో ఉంటే 50 పెట్టండి. 60లో ఉంటే చారలు పోవు. అది లేకపోతే ప్రో వీడియోలో షటర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టండి. ఏదీ లేని ఫోనైతే లైటు ఆర్పి, ఇంకో ఫోను టార్చి పక్కనుంచి పట్టండి.

మధ్యలో ఆగడం వేరే సంగతి. నా వీడియో పాత మెమరీ కార్డులో సేవ్ అవుతా ఉండె. ఆ కార్డు నిదానం. ఫోను మెమరీకి మార్చి, 4కె తీసి 1080 పెట్టినాక ఆగలేదు. 4కెలో పిక్సెళ్లు నాలుగింతలు, మనకెందుకు అంత?

సున్నం చల్లిన చేత్తో ఫోను పట్టుకుంటే లెన్సు తుడవండి. ఆ మసకలో మంచి పురుగు కూడా రోగంగా కనిపిస్తుంది.

అనుమానం ఉన్న పురుగు పొట్టకాలు తుంచి, కారే రసం కూడా వీడియోలో చూపించండి. గ్రాసరీ అయితే పాలలా ఉంటుంది. ఈ పని బెడ్డుకు దూరంగా, కాగితం మీద చేసి, చేతులు కడుక్కొనే మళ్లీ ఆకు ముట్టండి.