చోక్వేల మాస్కులు - మకిషి నాట్యం



ట్రంకుపెట్టెతో మొదటిసారి హాస్టలుకు వచ్చిన రోజును మనలో ఎవరూ మరచిపోలేరు. ఆఫ్రికాలోని చోక్వే ప్రజలు కూడా పిల్లలను కొంతకాలం ఇంటికి దూరంగా ఉంచి జీవిత పాఠాలు నేర్పుతారు. వారి మాస్కుల గురించి తెలియాలంటే ముందు ఆ చదువు గురించి తెలుసుకోవాలి.

ముకాండ అంటే ఏమిటి?

చోక్వేలు అంగోలా, కాంగో ప్రజాస్వామ్య రిపబ్లిక్, జాంబియా దేశాలలో నివసిస్తారు. జాంబియాలో వానలు వెనుకబట్టగానే 8 నుండి 12 ఏళ్ల మగపిల్లలను ఊరి బయట అడవిలోని శిబిరానికి తీసుకువెళతారు. అదే ముకాండ. అక్కడ సున్తీ చేస్తారు, ధైర్యాన్ని పరీక్షిస్తారు, పెద్దయ్యాక మోయవలసిన బాధ్యతలు నేర్పుతారు. మాస్కు ధరించి వచ్చేవారిని 'మకిషి' అంటారు. చనిపోయిన పూర్వీకులే పిల్లలకు అండగా మకిషి రూపంలో తిరిగి వస్తారని వారి నమ్మకం. శిక్షణ ముగిసిన రోజు ఊరంతా చేరి మకిషి నాట్యం చూస్తుంది. పిల్లలు పెద్దవారుగా ఊళ్లోకి అడుగుపెడతారు.

ముఖ్యమైన మాస్కులు

1. చికుంజా: ముకాండకు రక్షకుడు. పుల్లల చట్రం మీద చెట్టు బెరడుతో చేసిన గుడ్డ కప్పి, బంక పూసి, పొడవైన శంకువు ఆకారంలో తయారుచేస్తారు.

2. చిహోంగో: సంపదకు, అధికారానికి గుర్తు. గడ్డం పళ్లెంలా ముందుకు పొడుచుకు వస్తుంది.

3. ప్వో: ఈ మాటకు 'స్త్రీ' అని అర్థం. కొయ్యతో చెక్కుతారు. కళ్లు సగం మూసి ఉంటాయి, కళ్ల కింద కన్నీటి చారలు ఉంటాయి. ధరించేది మాత్రం పురుషుడే. నారతో అల్లిన దుస్తులు తొడిగి, స్త్రీ నడకను అనుకరిస్తూ చిన్న చిన్న అడుగులతో ఆడతాడు. చోక్వేలు వంశాన్ని తల్లి వైపు నుండి లెక్కిస్తారు. అందుకే ఈ వేషం వంశానికి మూలమైన తల్లికి చేసే గౌరవం.

నేటి పరిస్థితి

విదేశీ మ్యూజియంలలో చాలాచోట్ల ప్వో ముఖం ఒక్కటే కనిపిస్తుంది. దుస్తులు, డప్పు, అడుగు, చూసే ఊరు అక్కడ ఉండవు. జాంబియాలోని మకిషి నాట్యాన్ని యునెస్కో 2005లో గుర్తించి, 2008లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ ప్రాతినిధ్య జాబితాలో చేర్చింది. ఒకప్పుడు నెలల తరబడి సాగిన ముకాండను బడి సెలవులకు సరిపోయేలా ఒక నెలకు కుదించారు. రాజకీయ సభలలో ఆడటానికి కూడా మకిషిని పిలుస్తున్నారు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేనే. బడి వద్దని నేను అనలేను. కానీ పాఠం పోయి వేషం ఒక్కటే మిగిలితే, అది వట్టి కొయ్యముక్క. మిత్రులారా! సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ ఊరి ఆటలో ఏ వేషం ఎందుకు కడతారో పెద్దలను అడిగి రాసుకోండి.