దొరికిన సంతోషం, ఇవ్వగల సంతోషం

ఇష్టమైన వస్తువు దొరికితే సంతోషపడటం తప్పా? తప్పేం కాదు. ఆ సంతోషం మనల్ని ఎటు తీసుకెళ్తోందో మాత్రం చూసుకోవాలి.

అమెరికాలో జాకో పాస్టోరియస్ అనే బేస్ గిటార్ కళాకారుడు ఉండేవాడు. 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్‌ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. మెట్లు లేని ఆ వాద్యం చెక్కకి పడవలకు వాడే ఎపాక్సీ పూసి, కొత్త నాదం పలికించాడు. 1986లో న్యూయార్కులో దాన్ని ఎవరో ఎత్తుకుపోయారు. మరుసటి ఏడాదే ఆయన చనిపోయాడు.

సుమారు ఇరవై ఏళ్లకు ఆ గిటార్ బయటపడింది. మెటాలికా బృందంలో బేస్ వాయించే రాబర్ట్ ట్రుహియో 2010లో డబ్బు పెట్టి దాన్ని దక్కించుకున్నాడు. అంత అరుదైనది చేతికొస్తే ఎంత ఆనందం! అయినా, కావాలన్నప్పుడు తాను పెట్టిన ధరకే తిరిగి తీసుకోవచ్చని జాకో కుటుంబానికి మాట ఇచ్చాడు.

చూశారా? దొరికిందని పొంగిపోవడం సహజం. ‘ఇక ఇది నాదే’ అని బిగించి పట్టుకోవడాన్నే ధమ్మంలో ఉపాదానం అంటాం. దుఃఖానికి దారి అక్కడే పడుతుంది.

ఈ రాత్రి మీకు బాగా ఇష్టమైన వస్తువొకటి ముందు పెట్టుకోండి. దాని మీద మీకన్నా ఎక్కువ హక్కున్నవాళ్లు రేపు గుమ్మంలోకొస్తే నవ్వుతూ ఇవ్వగలరా? కాసేపు కూర్చుని ఆలోచించండి.