అన్యాక్రాంతము కాని స్వాస్థ్యము

పఠన భాగము: 1 రాజులు 21:1–16

డి.కె.టి. పట్టా అననేమో మన చక్రాయపేట ప్రాంతమున ఎరుగనివారు లేరు. భూమిలేని పేదకు సర్కారు ఇచ్చిన చేను అది. దున్నుకొనవచ్చును, బిడ్డలకు విడిచిపెట్టవచ్చును, అమ్మరాదు. 1977వ సంవత్సరపు చట్టము చొప్పున, వేరుశనగ పండని యేట అప్పుకు తాళలేక పేదవాడు తన చేతులార వ్రాసి యిచ్చినను ఆ క్రయపత్రము చెల్లదు. (2023లో చేసిన సవరణ ఇరవై యేండ్లు నిండినవారికి దీనిని సడలించినది, ఆ సంగతి వేరు.) అన్యాక్రాంతము అను మాటను మనము తాలూకా కచేరీలోనే నేర్చితిమి.

1776 జూలై 4న అమెరికావారు చేసిన స్వాతంత్ర్య ప్రకటనలోను ఈ మాట గలదు. జీవము, స్వాతంత్ర్యము, సంతోషమును వెదకుకొనుట, ఇవి సృష్టికర్త ఇచ్చిన హక్కులనియు, అన్యాక్రాంతము కానివనియు అందున్నది. సంతోషమే హక్కని వారనలేదు, దానిని వెదకుకొనుట హక్కనిరి. వ్రాసిన జెఫర్సనుగారికే బానిసలుండిరి. ఆ దేశమున బానిసత్వము 1865లో గాని రద్దు కాలేదు.

ఇక నాబోతు మాట. ఆహాబు మొదట దోచుకొన రాలేదు. మేలైన తోటగాని రొక్కముగాని ఇచ్చెదననెను. మంచి బేరమే! అయినను నాబోతు ఒప్పుకొనలేదు. ఆ తోట పితరులనుండి వచ్చి బిడ్డలకు పోవలసినది. లేవీయకాండము 25:23 చొప్పున భూమి దేవునిది. మనుష్యుడు దానిమీద పరవాసి. తనది కానిదానిని ఎట్లు అమ్మును? ఏశావు ఇంత యోచింపక, ఆకలివేళ చిక్కుడుకాయల వంటకమునకు జ్యేష్ఠత్వమును ఇచ్చివేసెను.

ఏశావును నిందించుట సులభము. ఆకలి ఎరిగినవారు నిదానించి మాటలాడవలెను. మన రాజ్యాంగపు 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసినది. అయినను 1950వ సంవత్సరపు రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులపు హోదాను హిందువులకే ఇచ్చినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రమున మనవారు బి.సి. ‘సి’ గుంపులో లెక్కింపబడుచున్నారు. ఆ హోదా మనవారికిని కావలెనని 2023 మార్చిలో మన శాసనసభ తీర్మానించి కేంద్రమును కోరినది. బాప్తిస్మము పొందినంత మాత్రమున ఊరు మనలను చూచు చూపు మారలేదు గదా! ఇది అన్యాయమనియే మేము తలంచుచున్నాము.

“అయ్యగారూ, మా పిల్లోని పేరు సంఘం బుక్కులో రాయొద్దు. వాని చదువు పోతాది” అని ఒక తల్లి మమ్మును అడిగినది. ఆమె ప్రతి ఆదివారము ముందు చాపమీద కూర్చుండునది. ఆమెకు నాబోతు కథ చెప్పుటకు మాకు నోరు రాలేదు. విశ్వాసమును వెలచూపి అడుగువాడు ఆహాబు. అడుగబడినవారిని మాత్రమే మనము నిలదీయుచున్నాము.

ఈ అధ్యాయములో మేము మునుపు లక్ష్యపెట్టనివారు 8 మొదలు 13 వరకు గల వచనములలో ఉన్నారు. వారు యెజ్రెయేలు పెద్దలు. నాబోతు వారి పొరుగువాడే. తాకీదు రాగానే, అతని పక్షమున ఒక్కరైనను పలుకక, చెప్పినట్లు చేసిరి. ఈ నెల గృహకూటములలో ఆ వచనములను మరల చదివి, ఆ పెద్దలు ఏమి చేయవలసియుండెనో మాటలాడుకొనుడి. పేరు దాచుకొనకయే చదువదలచు పిల్లల ఫీజులకై సంఘములో ఒక నిధి పెట్టు సంగతిని పెద్దల కమిటీ ముందుంచుచున్నాము. కోతలు అయిన తరువాత కూడుదము.