రాత ముందే ఉంటే ప్రయత్నమెందుకు?

ప్రశ్న: అన్నీ నుదుటి రాత ప్రకారమే జరిగితే మన ప్రయత్నానికి విలువేముంది?
– ఒక పాఠకురాలు, పుంగనూరు

జవాబు: హార్స్లీ హిల్స్‌కు దగ్గర్లోని మదనపల్లెనే చూడండమ్మా. 1895లో అక్కడ పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని దివ్యజ్ఞాన సమాజం పెద్దలు రాబోయే జగద్గురువన్నారు. 1911లో ఆయన కోసం సంఘమే పెట్టారు. 1929లో ఆయనే దాన్ని రద్దు చేశారు. అదీ రాతేననే వాళ్లతో వాదించి గెలవలేం!

ఇక మతాలు ఏమన్నాయో చూద్దాం. హిందూ కర్మ సిద్ధాంతంలో ప్రారబ్ధం, అంటే ఫలమివ్వడం మొదలైన పాత కర్మ, అనుభవించక తప్పదు; ఆగామి, అంటే ఇప్పుడు చేసే కర్మ, మాత్రం మన చేతుల్లోదే. బుద్ధుడు సంకల్పాన్నే కర్మ అన్నాడు. అంతా నియతే (విధే) అన్న ఆజీవక గురువు మక్ఖలి గోసాలుడి వాదాన్ని గట్టిగా ఖండించాడు. ఇస్లాంలో సున్నీలకు తక్దీర్‌పై (దైవ నిర్ణయంపై) విశ్వాసం తప్పనిసరి, అయినా తీర్పు రోజున జవాబుదారీ మనిషే. ఎలాగంటే, పనిని సృష్టించేది అల్లాహ్, దాన్ని ఆర్జించుకునేది మనిషి అన్నారు సున్నీల్లోని అషరీ సంప్రదాయ పండితులు. నాకైతే అందులో మెలిక ఇంకా విడిపోలేదు. మనిషే తన పనులకు కర్త అన్న ముతజిలీల (ఇస్లాంలోని మరో తాత్త్విక వర్గం) మాట సూటిగా ఉంది.