మడతలోని మహాగ్రంథం

ఓరుగల్లు సీమలోని బమ్మెర గ్రామం పేరు వినగానే తెలుగువారికి పోతన మహాకవి స్ఫురిస్తాడు. పూర్వపు వరంగల్ జిల్లాకు చెందిన ఆ గ్రామం 2016 నాటి పునర్విభజనతో జనగామ జిల్లాలో చేరింది. పోతన పేరిట వెలసిన ఆంధ్ర మహాభాగవతం పన్నెండు స్కంధాల ఉద్గ్రంథం. వరంగల్‌లో 1959లో నెలకొన్న ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా మారింది. అటువంటి విద్యాలయంలో చదివే విద్యార్థి ఒకడు ఈ గ్రంథాన్ని కంప్యూటరులో ఒకే దస్త్రంగా సిద్ధపరచ పూనుకున్నాడనుకుందాం. వేలాది పద్యాలు, వచనాలు ఎడతెగని పంక్తులై తెరపై పారుతుంటాయి. గజేంద్ర మోక్షణం నుండి రుక్మిణీ కల్యాణానికి చేరడానికి అతడు ఎంతసేపు తెరను జరపాలి?

ఈ చిక్కును విడదీసేవి రెండు: గ్రంథభాగాలకు గుర్తులు పెట్టడం, ఆ గుర్తుల ఆధారంగా భాగాలను మడవడం.

మూల పాఠంలో ఏది శీర్షిక, ఏది పద్యం, ఏది వచనం అని తెలిపే గుర్తులనే మార్కప్ అంటారు. పూర్వం అచ్చుకు పంపే వ్రాతప్రతి అంచులలో సంపాదకులు ఎర్ర సిరాతో పెట్టిన గుర్తులే దీనికి మూలం. 1969లో ఐ.బి.ఎం. సంస్థలో గోల్డ్‌ఫార్బ్, మోషర్, లోరీ అనే ముగ్గురు రూపొందించిన జి.ఎం.ఎల్. భాష ఈ పద్ధతికి క్రమరూపం కల్పించింది. అది ఆ ముగ్గురి పేర్లలోని తొలి అక్షరాల కూర్పు కావడం ఒక చమత్కారం! ఆ సంప్రదాయం నుండే 1998లో ఎక్స్.ఎం.ఎల్. వెలువడింది. అందులో ట్యాగుల పేర్లు ఆంగ్లంలోనే ఉండాలన్న నిర్బంధం లేదు. స్కంధము, ఘట్టము, పద్యము అని తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు. మన విద్యార్థులలో చాలామందికి ఈ సంగతి తెలియకపోవడం విచారకరం.

ఇక మడత సంగతి. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ తన యంత్రవ్యవస్థను పండితసభ ఎదుట ప్రదర్శించాడు. ఒక సాధారణమైన సరుకుల జాబితాను తెరపై వ్రాసి, వాటిని వర్గాలుగా అమర్చి, వర్గాల పేర్లు మాత్రమే కనబడేటట్లు చేసి, మరల విప్పి చూపాడు. నేటి కోడ్ ఎడిటర్లలో ఎడమ అంచున కనబడే చిన్న బాణం గుర్తు చేసే పని అదే. దానిని నొక్కగానే వందల పంక్తులు ముడుచుకొని ఒక్క పంక్తి నిలుస్తుంది. మరల నొక్కితే యథాతథంగా విచ్చుకుంటుంది. దస్త్రంలో ఒక్క అక్షరమైనా మారదు, చూపు మాత్రమే మారుతుంది.

ఎక్కడ మడవాలో ఎడిటరుకు ఎలా తెలుస్తుంది? కొన్ని ఎడిటర్లు ట్యాగుల జంటలను చూసి, మరికొన్ని పంక్తుల ఆరంభంలోని ఖాళీని చూసి గ్రహిస్తాయి. కనుక అమరిక సక్రమంగా ఉండాలి. పెద్ద పెట్టెలో చిన్న పెట్టె వలె స్కంధంలో ఘట్టం, ఘట్టంలో పద్యం ఇమిడి ఉండాలి. ఒక ఘట్టానికి ముగింపు ట్యాగు మరచితే ఆ లోపం క్రింది ఘట్టాలకు పాకి, వాటి మడతలు తారుమారవుతాయి. ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు మరొకటి ఉన్నది. కావ్యంలో ఒక వాక్యం ఒక పద్యంలో మొదలై మరొక పద్యంలో ముగియవచ్చు. పద్యానికీ వాక్యానికీ కూడ ట్యాగులు పెడదామంటే అవి ఒకదానినొకటి అడ్డంగా కోస్తాయి. ఎక్స్.ఎం.ఎల్. అందుకు అంగీకరించదు. ఏదో ఒక విభజనను ప్రధానంగా ఎన్నుకోక తప్పదు. ఆ నిర్ణయం యంత్రానిది కాదు, గ్రంథం తెలిసినవానిది.

మడిచిన తరువాత మిగిలేది మొదటి పంక్తి. ఈ చిన్న విషయంలో పెద్ద బాధ్యత దాగి ఉన్నది. భాగవతమంతా పోతన రచన కాదు. పంచమ స్కంధం గంగన, షష్ఠ స్కంధం సింగన, ఏకాదశ ద్వాదశ స్కంధాలు వెలిగందల నారయ రచించారు. సింగభూపాలుడు గ్రంథాన్ని భూమిలో పాతిపెట్టించగా కొంత శిథిలమైనదనీ, ఆ లోటును వీరు పూరించారనీ ఒక ఐతిహ్యం. అందలి నిజానిజాలు ఎలా ఉన్నా, ఈ మువ్వురి శ్రమ మాత్రం సత్యం. విద్యార్థి తన దస్త్రంలో కేవలం స్కంధము అని ట్యాగు పెట్టి ఊరుకుంటే, మడిచిన తెరపై పన్నెండు ఒకే తీరు పంక్తులు కనబడతాయి. పైన పోతన పేరు ఉండనే ఉన్నది. గంగన, సింగన, నారయలు మడతలోపల మరుగునపడతారు. అదే ఆరంభపు ట్యాగులోనే స్కంధము సంఖ్య="5" కవి="గంగన" అని చేర్చితే, ఎంత మడిచినా ఆ కవి పేరు పైనే నిలుస్తుంది. కవి పేరును ట్యాగు లోపల వేరొక పంక్తిలో వ్రాస్తే ఈ ప్రయోజనం సిద్ధించదు. యంత్రం దృష్టిలో రెండూ సమానమే. చదివే మనిషి దృష్టిలో కాదు.

మడత వలన ప్రమాదమూ లేకపోలేదు. విమ్ అనే ఎడిటరులో మూసి ఉన్న మడతపై పంక్తిని తొలగించే ఆజ్ఞ ఇస్తే, కనబడే పంక్తితో పాటు మడత సాంతం తొలగిపోతుంది. ఒక్క పంక్తి చెరిపామనుకొని ప్రహ్లాద చరిత్రమంతా పోగొట్టుకోవచ్చు. వెంటనే గమనిస్తే రద్దు ఆజ్ఞతో తిరిగి రప్పించవచ్చు. గమనించక దస్త్రాన్ని భద్రపరచి మూసివేస్తే ఆ అవకాశం చేజారవచ్చు. అందుచేత పెద్ద మార్పులకు ముందు మడతలన్నీ విప్పి చూడటం, దస్త్రానికి ఒక నకలు ఉంచుకోవడం అవసరం.

ప్రశ్నలు

1. మడత వలన దస్త్రంలో మారేది ఏమిటి? మారనిది ఏమిటి?

2. కవి పేరును ఆరంభపు ట్యాగులోనే చేర్చాలని రచయిత ఎందుకు భావించాడు? మీ అభిప్రాయం తెలపండి.

3. మీకు తెలిసిన ఒక శతకాన్నిగాని, కథల సంపుటినిగాని ఏయే భాగాలుగా విభజించి గుర్తులు పెడతారో వివరించండి.