గాభరా వేరు, సొమ్మసిల్లడం వేరు



"డాక్టరుగారూ, ఉన్నట్టుండి గుండె దడ వచ్చి మా అమ్మాయి పడిపోయిందండి." మా ఓపీలో తరచుగా వినబడే మాట ఇది. ఈ ఒక్క మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. అందుచేత మేము ముందుగా అడిగేది ఇదే: అమ్మాయికి నిజంగా స్పృహ తప్పిందా, లేక తప్పిపోతుందేమోనని భయం వేసిందా? పడిపోయినప్పుడు చుట్టూ ఉన్నవారి మాటలు ఆమెకు వినబడ్డాయా? దీనికి సరియైన జవాబు దొరికితే చాలా పరీక్షల అవసరమే ఉండదు.

ముందు గాభరా సంగతి చూద్దాము. దీనిని వైద్యులు పానిక్ ఎటాక్ అంటారు. ఏ కారణమూ కనబడకుండానే గుండె దడదడలాడుతుంది, చెమటలు పడతాయి, గొంతు పట్టేసినట్టు, ఊపిరి అందనట్టు ఉంటుంది. చేతివేళ్లకు, పెదవుల చుట్టూ తిమ్మిరెక్కుతుంది. ఇక బ్రతకననిపిస్తుంది. ఇది నటన కాదు. ఎదురుగా త్రాచుపాము కనబడితే మన శరీరం ఏమి చేస్తుందో అదే చేస్తుంది, పాము మాత్రం ఉండదు. ఊపిరి అతిగా తీయడం వలన రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. తిమ్మిర్లకు, వేళ్లు కొంకర్లు పోవడానికి, తల తేలిపోవడానికి అదే కారణము. సాధారణంగా 10 నిమిషాలలో ఇది బాగా ఎక్కువై, అరగంటలోపు దానంతటదే దిగిపోతుంది.

చాలామందికి తెలియని ముఖ్య విషయము ఇక్కడ ఉంది. గాభరాలో ఉన్న మనిషికి బీపీ మామూలుగా పెరుగుతుంది. స్పృహ తప్పాలంటే బీపీ పడిపోవాలి. కాబట్టి గాభరాలో "పడిపోతాను, పడిపోతాను" అనిపించినా నిజంగా స్పృహ తప్పడం అరుదు. ఈ ఒక్క మాట నమ్మకంగా తెలిసినందువల్లనే కొందరికి సగం భయం తగ్గడం మేము చూశాము. సూదిని, రక్తాన్ని చూసి భయపడేవారి సంగతి వేరు. వారికి గుండె ముందు వేగంగా కొట్టుకుని, వెంటనే నెమ్మదిస్తుంది, బీపీ దిగిపోతుంది, మనిషి పడిపోతాడు. రక్తపరీక్షకు వచ్చి మా ల్యాబులో కూలబడిన బలమైన యువకులు ఉన్నారు! అటువంటివారు ముందే చెబితే పడుకోబెట్టి రక్తం తీస్తాము.

సొమ్మసిల్లడానికి ఎక్కువగా కారణమయ్యేవి మన వాడుకలో ఉన్నవే. వేసవిలో ఎక్కువసేపు నిలబడడం, నీళ్లు తాగకపోవడం, ఖాళీ కడుపు, జనం మధ్య ఉక్కపోత. నిలబడి ఉంటే రక్తము కాళ్లలోకి దిగిపోతుంది, మెదడుకు కొన్ని సెకన్లు చాలినంత అందకపోతే చాలు, మనిషి నేలకు ఒరిగిపోతాడు. పడిపోయే ముందు కళ్లు చీకట్లు కమ్మడం, చెవులు హోరెత్తడం, వికారం ఉంటాయి. పడుకోగానే రక్తం మెదడుకు చేరి నిమిషంలోపే తెలివి వస్తుంది. గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నపు ఆరాధనలో ఒకరిద్దరు పడిపోవడానికి మన దగ్గర ఎండా, ఉపవాసమూ చాలు. షుగరు మాత్రలు వేసుకుని ఉపవాసం ఉండేవారు మాత్రం ముందుగా మమ్మల్ని కలవండి. వారికి రక్తంలో చక్కెర పడిపోతే అది మామూలు సొమ్మసిల్లడం కాదు, ప్రాణం మీదికి వస్తుంది.

స్త్రీలలో రక్తహీనత మాట కూడా చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనులని తేలింది. దడ, ఆయాసం, కళ్లు తిరగడం అన్నీ దానివల్ల రావచ్చు. హిమోగ్లోబిన్ చూడకుండా "నీకు టెన్షన్ ఎక్కువమ్మా" అని పంపివేయడం మాకు ఇష్టం లేదు.

2020 డిసెంబరులో ఏలూరులో జరిగినది మీకు జ్ఞాపకం ఉంటుంది. అప్పటికి మన నిడదవోలు పశ్చిమ గోదావరిలోనే ఉండేది, ఏలూరు మన జిల్లా కేంద్రం. కొద్ది రోజులలో 600 మందికి పైగా ఆసుపత్రికి చేరారు. కొందరు ఫిట్స్‌తో కొట్టుకున్నారు, కొందరు స్పృహ తప్పారు, వాంతులు చేసుకున్నారు. చాలామంది త్వరగానే కోలుకున్నారు. ఢిల్లీ ఎయిమ్స్ వారు కొందరి రక్తంలో సీసము, నికెల్ ఉన్నట్టు చెప్పారు. తరువాత నిపుణులు పురుగుమందుల అవశేషాలు ముఖ్య కారణం కావచ్చునన్నారు. అంతమంది పడిపోతుంటే "ఇదంతా భయం" అని కొట్టిపారేసి ఉంటే ఆ రక్తాన్నీ నీటినీ ఎవరు పరీక్షించేవారు? నిజంగా స్పృహ తప్పిన మనిషికి భయమనే పేరు పెట్టేముందు కారణం వెదకవలసిందే.

ఎవరైనా పడిపోతే చేయవలసినది చాలా తేలిక, కానీ మనం సరిగ్గా తలక్రిందులుగా చేస్తాము. పట్టుకుని కూర్చోబెడతాము, చుట్టూ గుమిగూడతాము, నోట్లో నీళ్లు పోస్తాము. వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి మామూలుగా ఉంటే కాళ్లు ఒక అడుగు ఎత్తు పెట్టండి. బిగుతు బట్టలు వదులు చేయండి. పూర్తిగా తెలివి వచ్చేదాకా నోట్లో చుక్క కూడా వద్దు, అది ఊపిరితిత్తులలోకి పోగలదు. ఫిట్స్ అయితే పక్కకు తిప్పి పడుకోబెట్టి, టైము చూసుకోండి. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. తాళాలగుత్తి చేతిలో పెట్టినందువలన ఫిట్స్ ఆగవు. అది ఆగే సమయానికి మనం తాళాలు వెదికి తెస్తాము, అంతే. ఊపిరి లేకపోతే, లేదా పెద్ద పెద్ద గుటకల్లా ఊపిరి తీస్తుంటే, ఆలస్యం చేయక 108కి చెప్పి ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కడం మొదలుపెట్టండి.

గాభరా పట్టినవారిని పడుకోబెట్టనక్కరలేదు. ఒక్కరు దగ్గర కూర్చుని, నెమ్మదిగా మాట్లాడండి. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో ఊపిరి తీసి, ఆరు లెక్కపెడుతూ వదలమనండి. కవరు ముఖానికి పెట్టి ఊపిరి తీయించే పాత పద్ధతి మానివేయండి, జబ్బు గుండెదో ఊపిరితిత్తులదో అయితే అది ప్రమాదము. పక్కింటాయన జేబులోని సార్బిట్రేట్ మాత్ర నాలుక క్రింద పెట్టడం కూడా వద్దు. అది బీపీ తగ్గిస్తుంది, పడని మనిషి కూడా పడిపోతాడు. ఇక సెలైన్ సంగతి. అర లీటరు గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. దానికోసం నరం వెదకడం కన్నా గ్లాసుడు పంచదార నీళ్లు నయం, అది కూడా షుగరు పడిపోయినవారికి, తెలివిలో ఉంటేనే.

మొదటిసారి ఛాతీ నొప్పితో, చెమటలతో గాభరా వస్తే, ముఖ్యంగా 40 దాటినవారు, షుగరు, బీపీ ఉన్నవారు గాభరాయేలే అనుకోకుండా వెంటనే ఈసీజీ తీయించుకోవాలి. పరుగెడుతూ గాని, పడుకుని ఉండగా గాని స్పృహ తప్పితే, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవారుంటే, నెల తప్పిన స్త్రీ కడుపు నొప్పితో పడిపోతే, విరేచనం నల్లగా తారులా అవుతుంటే ఆలస్యం చేయరాదు. కొందరు దీన్ని గాలి సోకిందంటారు, మరికొందరు విశ్వాసం తక్కువని ఆ మనిషినే తప్పుపడతారు. ప్రార్థించండి, మేమూ ప్రార్థిస్తాము. ఈసీజీ మాత్రం ఆ తరువాత చూద్దామనకండి.

పరీక్షలన్నీ బాగుండి, గాభరా మళ్లీ మళ్లీ వస్తుంటే దానికి చికిత్స ఉంది. మాటలతో చేసే చికిత్స ఉంది, మాత్రలూ ఉన్నాయి. ఆ మాత్రలు పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మూడో రోజున గుణం లేదని ఆపకండి. మందుల షాపులో అడిగి అల్ప్రాజొలామ్ తెచ్చుకోకండి. అది వెంటనే నెమ్మది ఇస్తుంది, తరువాత వదలదు. కాఫీ, టీ తగ్గించి చూడండి. మానసిక సమస్యలకు ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చును.

మా దగ్గరకు వచ్చేటప్పుడు, పడిపోయిన సమయంలో పక్కన ఉన్న మనిషిని కూడా వెంట తీసుకురండి. ఎంతసేపు తెలివి లేదో, ముఖం పాలిపోయిందో ఎర్రబడిందో, నాలుక కొరుక్కున్నారో లేదో చూసినవారే చెప్పగలరు. వాడుతున్న మాత్రల రేకులు, పాత చీటీలు అన్నీ ఒక సంచిలో వేసుకురండి.